పంకా తాడు

బర్మా ఓడరేవు ఊళ్ళో, లత పేటలోని పప్పుల గోదాములో బస్తాల మూతులు కుట్టడం విలియం పని. ఇరవై తొమ్మిదేళ్ళుగా అదే పని. తూకమైన బస్తా ముందుకు రాగానే మూతి మడిచి, దబ్బనం గుచ్చి, పురికొస లాగి, ఏడు కుట్లలో ముగించి పక్కకు తోసేస్తాడు. పప్పుల దుమ్ము గొంతులోకి పోకుండా ముక్కుకీ నోటికీ తడిగుడ్డ కట్టుకుంటాడు. గోదాములో ఇంకెవరూ కట్టుకోరు. పెద్దవాడని గౌరవంగా ఊ విలియం అని పిలుస్తూనే, అదొక పిచ్చి అనుకుని ఊరుకుంటారు. ఆదివారాలు చర్చిలో పాడతాడని మాత్రం వాళ్ళకు తెలుసు.

ఆ సోమవారం సాయంత్రం అతను దబ్బనాన్ని సంచికి గుచ్చి, యజమాని దగ్గరికి వెళ్ళి, వారమంతా మధ్యాహ్నాలు సెలవు కావాలన్నాడు. నాటకంలో పాడడానికి పిలిచారని చెప్పాడు. చీనా యజమాని అతని నెరిసిన తలనూ దుమ్ముకొట్టుకున్న లుంగీనీ చూసి నవ్వాడు. అరవై రెండేళ్ళకు హీరో వేషమా అని అడిగి, సరే పొమ్మన్నాడు.

పైకి చెప్పుకోలేదు గానీ, నిజానికి అది హీరో వేషమే.

ఊరి మధ్య తెల్లవాళ్ళ కాలం నాటి హాలొకటి చాలా ఏళ్ళు పావురాల పాలై ఉండి, ఇప్పుడు కొత్త రంగులతో తెరుచుకుంటోంది. తెరిపిస్తున్నది, అందరూ గౌరవంగా డా సాండా అని పిలిచే పెద్దింటి ఆవిడ. తెరిచే పండగకి ఒక నాటకం తయారుచేయించింది. నూట నలభై ఏళ్ళ కిందట ఏదో దేశపు యువరాజు ఓడ దిగి ఈ ఊళ్ళో విడిది చేశాడనీ, అతని ముందు ఇటలీ నుంచి వచ్చిన ఆపెరా గాయకులు పాడారనీ కథ. అలా జరిగిందో లేదో ఎవరికీ తెలియదు, కథ కట్టిన దర్శకుడు కో జెయాకి కూడా తెలియదు. ఆపెరా అంటే ఏటని భార్య రత్నమ్మ అడిగితే విలియం ఇలా చెప్పాడు: "మాటన్నది ఉండదు. అంతా పాటే. కోపమొచ్చినా పాటే, సచ్చిపోతన్నా పాటే."

గాయకుల ఎంపికకి అతను తనకోసం వెళ్ళలేదు. చెల్లెలి కూతురు వెరోనికాకి తోడు వెళ్ళాడు. వెరోనికా తండ్రి బర్మావాడు. పిల్లకి అతని పోలికే వచ్చింది, ఆ పసుపు ఛాయ, ఆ సన్నని కళ్ళు. తల్లితో మింగళాడోన్‌లో ఉంటుంది. తొమ్మిదేళ్ళుగా ప్రతి శనివారం రెండు బస్సులు మారి తాకేటాలో మావయ్య ఇంటికి వచ్చి పాట నేర్చుకుంటోంది. ఆ రోజు ఆమె పాడిన పాట ఇద్దరు పాడవలసినది. మగగొంతు పాడేవాళ్ళు లేక ఆమె తడబడుతుంటే, వెనక కుర్చీలో కూర్చున్న విలియం, ఇంట్లో నేర్పేటప్పుడు పాడినట్టే, లేవకుండానే అందుకున్నాడు. కో జెయా కళ్ళజోడు తీసి వెనక్కి తిరిగి చూశాడు. మళ్ళీ పాడమన్నాడు. పాడాక, ఇన్నాళ్ళూ మీరెక్కడున్నారు సాయా అని అడిగాడు. గురువుని పిలిచినట్టు తనని సాయా అని పిలిచారన్న సంగతి విలియం ఇంటికొచ్చి రత్నమ్మకి రెండుసార్లు చెప్పాడు.

మంగళవారం మధ్యాహ్నం మామా మేనకోడలూ హాలుకి వెళ్ళేసరికి, వేదిక మీద విలియం నిలబడవలసిన చోట ఒక కుర్రవాడు నిలబడి ఉన్నాడు. మంచి పొడుగు, పాలరాతి బొమ్మలాంటి మొహం. బ్యాంకాక్ నుంచి ముందురోజే విమానం దిగాడట. కో జెయా కాగితాలు సర్దుకుంటూ తల ఎత్తలేదు. డా సాండాయే వచ్చి విలియంని పక్కకు పిలిచి, మంచినీళ్ళ సీసా చేతికిచ్చి, చాలా మర్యాదగా చెప్పింది. మీ గొంతులో లోపమేమీ లేదు ఊ విలియం, కానీ చూసేవాళ్ళు కళ్ళతో కూడా వింటారు. ఇటలీవాళ్ళ వేషం. యువరాజు ముందు ప్రేమపాట. మీ వయసూ మీ రంగూ చూసి జనం నవ్వితే ఆ నవ్వు మీకే కష్టం. అదీ ఆవిడ మాటల సారాంశం.

విలియం సీసా మూత తిప్పి, మళ్ళీ బిగించి, అవునండీ అన్నాడు.

వెరోనికా ఊరుకోలేదు. అందరూ వినేలా బర్మా భాషలో, మావయ్య పాడకపోతే తనూ పాడనని చెప్పేసింది. పియానో ఆగిపోయింది. విలియం ఆమె మోచెయ్యి పట్టుకుని మెట్ల కిందికి తీసుకుపోయాడు.

"పాడనని ఎలాగనీసినావు?"

"నువ్వు పాడాలి కదా మావయ్యా. నిన్ను కదా ముందు తీసుకున్నది."

"సెప్తన్నాను ఇను. శనివారం నాడు ఆ బ్యాంకాక్ పాటల స్కూలు పెద్దాయన వస్తన్నాడు. ఆవిడకి తెలిసినాయన. ఆయన నిన్ను ఇనాలి. నన్ను ఇంటే ఆయనకేటి, నాకేటి?"

"నాకు సిగ్గుగా ఉంది."

"సిగ్గు గొంతులోకి రానియ్యకు. ఎల్లి పాడు."

ఆమె వెళ్ళి పాడింది. విలియం చివరి వరసలో కూర్చుని విన్నాడు. పాలరాతి కుర్రవాడి గొంతు బాగానే ఉంది, మరీ తేలిక. పై స్థాయి స్వరం దగ్గర గొంతు నొక్కి తప్పించుకుంటున్నాడు. ఆ చోట విలియం పొట్ట దానంతటదే బిగిసింది, ఊపిరి నిండింది, పెదవులు విడిపడ్డాయి. అంతలో తెలివి తెచ్చుకుని నోరు మూసుకున్నాడు.

వెళ్ళిపోబోతుంటే కో జెయా మెట్ల దగ్గర ఎదురొచ్చాడు. అతని మొహంలో నిజంగానే బాధ ఉంది. మిమ్మల్ని వదులుకోవడం నాకిష్టం లేదన్నాడు. యువరాజు దర్బారులో పైనుంచి వేలాడే గుడ్డ పంకా ఒకటి ఉంటుంది, దాని తాడు లాగేవాడు కావాలి, మాటలూ పాటా ఉండవు, అయినా వేదిక మీదే వాళ్ళకు ఆరడుగుల దూరంలో ఉంటారు, అన్నాడు. అనేశాక తను అన్నదేమిటో తనకే వినబడినట్టు చేతులు నలుపుకున్నాడు.

విలియంకి కోపం రావలసింది. అతని తాత ఓడరేవులో మూటలు మోశాడు. ఆయన అన్న, ఎవరో దొర ఇంట్లో పగలంతా పంకా తాడు లాగేవాడని చిన్నప్పుడు విన్నాడు. అవన్నీ ఆ క్షణాన గుర్తొచ్చాయి. అయినా పియానో, నాలుగు వయొలిన్లు, వాటి మీదుగా వెరోనికా గొంతు, ఆరడుగుల దూరం. చర్చిలోని పగిలిన హార్మోనియం తప్ప ఇంకో వాద్యం పక్కన ఎప్పుడూ పాడని మనిషి. సరేనన్నాడు.

ఇంటికొచ్చి చెబితే రత్నమ్మ వంకాయలు తరుగుతున్న చెయ్యి ఆపింది. కత్తిపీట పక్కకు పెట్టి, "పాడ్డానికెల్లి తాడు పట్టుకొచ్చీసినావా?" అంది. విలియం చెంబు తీసుకుని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు.

బుధవారం వేషాలు తొడిగి చూశారు. విలియంకి మోకాళ్ళ దాకా పంచె, ఎర్ర తలపాగా ఇచ్చారు. చొక్కా ఏదని అడిగితే, దుస్తులు చూసే అమ్మాయి కాగితంలో చూసి, చొక్కా లేదంది. మెడలో సిలువ కూడా తీసెయ్యాలంది. తీసి, విప్పిన పంట్లాం జేబులో పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి తలపాగా చుడుతూ, మా తాతగారి ఫొటోల్లో కలా పనివాళ్ళు అచ్చం ఇలాగే ఉంటారు అంటూ మెచ్చుకోలుగా నవ్వింది. ఇండియా మనుషుల్ని ఆ మాటతో పిలవడం ఆమె పుట్టినప్పటినుంచీ వింటున్నదే. అందులో తప్పేమైనా ఉంటుందని ఆమెకి తట్టలేదు. అరవై రెండేళ్ళ రొమ్ము మీద నెరిసిన వెంట్రుకలు ఏసీ చలికి నిక్కబొడుచుకుంటుంటే, విలియం వేదిక పక్కగా గోడవార చతికిలబడి తాడు అందుకున్నాడు.

తాళ్ళూ దీపాలూ చూసేవాడు రాజమోహన్. అతనూ తాకేటావాడే, కిళ్ళీ నములుతూ తెలుగులో మాట్లాడేవాడు. పంకా ఎలా లాగాలో అతనే చూపించాడు. పదడుగుల చట్రానికి తెల్లగుడ్డ, కింద కుచ్చులు, పైన కప్పీ మీదుగా తాడు. లాగితే గుడ్డ ఇటు ఒరుగుతుంది, వదిలితే దాని బరువుకు అది అటు పోతుంది. "ఏటుంది బాబాయ్, లాగీ, ఒగ్గీ, లాగీ, ఒగ్గీ. అంతే," అన్నాడు.

అంతేనని విలియం కూడా అనుకున్నాడు. కానీ వెరోనికా పాట మెల్లగా దిగే చోట కప్పీ కిర్రుమంది. ఎవరూ పట్టించుకోలేదు. అతనికి మాత్రం అన్నంలో రాయి తగిలినట్టయింది. విరామంలో నిచ్చెన అడిగి తనే ఎక్కి, వంటవాళ్ళ దగ్గర కొబ్బరినూనె తెచ్చి కప్పీకి రాశాడు. ఇంకో సంగతి కూడా అతనికి తోచింది. పాట రెండో చరణంలో వెరోనికా ఎప్పుడూ తొందరపడుతుంది. ఊపిరి నిండకుండానే ఎత్తుకుంటుంది. ఆ పిల్లని నేలమీద వెల్లకిలా పడుకోబెట్టి, పొట్టమీద రెండు వీశెల పెసల మూట పెట్టి, మూట లేచేదాకా పీల్చు, మూట దిగేదాకా పాడు అని తొమ్మిదేళ్ళు నేర్పినా ఆ ఒక్క తొందర పోలేదు. ఇప్పుడు తాడు తన చేతిలో ఉంది. ఆమె పీల్చవలసిన చోట లాగాడు. పాడవలసినంతసేపూ తాడును వేళ్ళ మధ్యనుంచి కొద్దికొద్దిగా జారనిచ్చాడు. కంటికొసన తెల్లగుడ్డ కదలడం చూసి వెరోనికాకి అర్థమైంది. రెండో చరణం ముందు గుడ్డ తనవైపు పూర్తిగా ఒరిగేదాకా ఆగింది. నింపాదిగా పీల్చింది. ఎత్తుకుంది.

వయొలిన్ వాయించే ముసలాయన విల్లు దించి మరీ విన్నాడు.

గురువారం, శుక్రవారం అలాగే సాగింది. రహస్యం ఇద్దరి మధ్యే ఉంది. ఇంటికెళ్ళే తన బస్సెక్కాక వెరోనికా కిటికీలోంచి అతన్ని చూస్తూ చేత్తో గాలిలో గుడ్డ ఊగినట్టు ఊపి నవ్వేది. శుక్రవారం రాత్రి విలియం అన్నం తింటూ, తాడు లాగడం కూడా ఒక రకంగా పాడడమేనన్నాడు. రత్నమ్మ అతని మొహం చూసి, ఇంకాస్త చారు పోసింది.

శనివారం ఒకటి, ఆదివారం ఒకటి, రెండాటలు; మొదటిది శనివారం నాలుగు గంటలకు. ఊళ్ళో పరిస్థితులు బాగోలేక, చీకటి పడకముందే ఇళ్ళు చేరాలని ఈ రోజుల్లో ఎవరూ రాత్రి ఆటలు పెట్టుకోవడం లేదు. హాలు నిండింది. రత్నమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చి వెనక వరసలో కూర్చుంది. కార్యక్రమం కాగితంలో వెరోనికా పేరు మ థీరి అని ఉంది. బళ్ళో వేసిన బర్మా పేరు అదే కాబట్టి అందులో అబద్ధమేమీ లేదు. విలియం పేరు ఎక్కడా లేదు. పంకావాడి పేరు వేస్తారని అతనూ అనుకోలేదు.

తెర లేచింది. యువరాజు బంగారు కుర్చీలో కూర్చున్నాడు. గాయకులు వచ్చి వంగి నమస్కరించారు. విలియం తాడు లాగాడు. ఆ తర్వాతి పాతిక నిమిషాలు అతని బతుకులో అన్నిటికన్నా బాగున్న పాతిక నిమిషాలు. వెరోనికా అతని తాడు చివరనున్న గాలిపటంలా లేచింది. ఎక్కడ బిగించాలో బిగించాడు, ఎక్కడ వదలాలో వదిలాడు. పాలరాతి కుర్రవాడు తప్పించుకునే స్వరం దగ్గర కూడా ఆమె అతన్ని కప్పేసింది. చివరి స్వరం సన్నబడి సన్నబడి, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

డా సాండా మైకు పుచ్చుకుని వేదికమీదికి వచ్చింది. అందరూ ఇంకా వేషాల్లోనే ఉన్నారు కాబట్టి విలియం కూడా గోడవార కూర్చుని తాడు లాగుతూనే ఉన్నాడు. ఆమె బ్యాంకాక్ స్కూలు పెద్దాయన్ని పైకి పిలిచింది. ఆయన వెరోనికా చెయ్యి పట్టుకుని ఇంగ్లీషులో, ఇలాంటి శిక్షణ ఈ ఊళ్ళో దొరుకుతుందని తను అనుకోలేదన్నాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా అని అడిగాడు. డా సాండా మైకు ఆమె నోటి దగ్గర పెట్టింది.

విలియం తల వంచుకున్నాడు. సిగ్గేసింది. ఇప్పుడు అందరూ తనవైపు తిరుగుతారు. ఒంటిమీద చొక్కా కూడా లేదు. లేచి నిలబడాలా, కూర్చునే నమస్కారం పెట్టాలా అనుకున్నాడు.

"ఎవరూ నేర్పలేదండీ. ఫోన్లో చూసి నాకు నేనే నేర్చుకున్నాను," అంది వెరోనికా.

హాలు ఒక్క క్షణం ఆశ్చర్యపోయి, ముందుకన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది. పెద్దాయన ఆమె భుజం తట్టాడు. వెరోనికా నవ్వుతోంది. ఆ నవ్వులో ఒకచోట ఆమె చూపు గోడవైపు రాబోయి, సగంలో ఆగి, వెనక్కి పోయింది. తెల్లగుడ్డ వాళ్ళ తలలమీద అటూ ఇటూ ఊగుతూనే ఉంది.

ఆమె డా సాండా కారులో వెళ్ళింది. మామా అత్తా బస్సులో వచ్చారు. బస్సు వాగు మీద వంతెన దాటింది. "అది అలాగనీసినాదేటి?" అంది రత్నమ్మ.

"మైకు మూతి దగ్గర ఎడితే ఏదోటి అనాలి గదా," అన్నాడు విలియం.

"ఏదోటి అంటే మరి నీ పేరనొచ్చు."

అతను కిటికీ అద్దం కిందికి దించడానికి చూశాడు. అది బిగుసుకుపోయి ఉంది. దిగేదాకా దాంతోనే పెనుగులాడాడు.

ఆదివారం పొద్దున్న చర్చికి బయల్దేరుతుంటే వెరోనికా వచ్చింది. చేతిలో కేకు పెట్టె ఉంది. గుమ్మంలోనే నిలబడింది. రత్నమ్మ పెట్టె అందుకుని, కూర్చోమనకుండా లోపలికి వెళ్ళిపోయింది. వెరోనికా కళ్ళు వాచి ఉన్నాయి.

"మావయ్యా, నిన్న అలా చెప్పమని నాకెవరూ చెప్పలేదు. డా సాండా చెప్పిందని నువ్వు అనుకుంటావేమో అని వచ్చాను. ఎవరూ చెప్పలేదు. నాకే వచ్చేసింది."

ఆ పిల్ల అబద్ధం చెప్పి తప్పించుకోవడానికి రాలేదు. దానివల్ల మరింత కష్టమైంది విలియంకి. ఎవరో బెదిరించి అనిపించి ఉంటారని రాత్రంతా తన మనసుకు తనే చెప్పుకున్నాడు మరి.

"నువ్వక్కడ అలా కూర్చున్నావు. చొక్కా లేకుండా," అంది మళ్ళీ. "ఆయన నిన్ను చూసి, నన్ను చూసి..." ఆగిపోయింది. "ఇవాళ ఆటయ్యాక చెప్పేస్తాను. మైకు నేనే అడిగి చెప్తాను."

తిడతాడేమోనని ఆమె చూస్తోంది. విలియం చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ ఆలోచించాడు. నిన్న ఒకటి చెప్పి ఇవాళ ఇంకొకటి చెబితే ఆ పెద్దాయన దేన్ని నమ్ముతాడు? ఇప్పుడు చెబితే ఎవరికి లాభం?

"వొద్దమ్మా," అన్నాడు. "సెప్పిన మాట సెప్పినట్టే ఉండనీ. మారిస్తే నీకే సెడ్డ."

అప్పుడు వెరోనికా ఊపిరి వదిలింది.

అది పెద్ద సంగతేమీ కాదు. ఇంకెవరైనా అయితే చూసేవారు కూడా కాదు. భుజాలు అంగుళం దిగాయి, పక్కటెముకలు మెల్లగా ముడుచుకున్నాయి, పొట్ట లోపలికి పోయింది. ఎక్కడా తొందర లేదు. తొమ్మిదేళ్ళుగా ఆ పిల్ల ఒంట్లో ఊపిరి ఎక్కడికి వస్తోందో ఎక్కడికి పోతోందో చూడడమే విలియం పని. ఆ ఊపిరి ఏమిటో అతనికి తెలిసింది. వద్దంటాడేమో, వద్దంటే బాగుండునేమో అని గుమ్మం ఎక్కినప్పటినుంచీ పట్టి ఉంచినది. చెప్తానన్న మాట నిజమే. వద్దనిపించుకోవడానికి వచ్చిందన్న మాట కూడా నిజమే. ఆ సంగతి ఆ పిల్లకే తెలియకపోవచ్చు.

"థాంక్స్ మావయ్యా," అంది. ముందుకు వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. విలియం ఆ చేతిమీద రెండుసార్లు తట్టి, చర్చికి ఆలస్యమవుతోందన్నాడు.

చర్చిలో అతను అందరితో పాటు లేచాడు, అందరితో పాటు కూర్చున్నాడు. పుస్తకం తెరిచిన పేజీ సరైనదే. పెదవులు కదిలాయి. పక్కనున్న రత్నమ్మకి మాత్రం ఆ వైపునుంచి వారం వారం వినిపించే గొంతు బరువు వినిపించలేదు. గొంతు బాలేదా అని గుసగుసగా అడిగింది. దుమ్ము పట్టిందన్నాడు.

రెండో ఆట కూడా నాలుగు గంటలకే. రానని రత్నమ్మ ముందే చెప్పింది. నువ్వు మాత్రం ఎందుకెళ్ళాలి అని కూడా అడిగింది. ఒప్పుకున్న పని అన్నాడు. నిజానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ పాతిక నిమిషాలు మళ్ళీ దొరుకుతాయేమో చూద్దామని. మిగతాదంతా ఎలా పోయినా పాట పాటే కదా, దాన్నెవరు తీసుకుపోతారు అనుకున్నాడు.

పంచె కట్టుకున్నాడు. తలపాగా తనే చుట్టుకున్నాడు. సిలువ తీసి పంట్లాం జేబులో పెట్టాడు. గోడవార కూర్చుని, రాజమోహన్ సైగ చెయ్యగానే తాడు లాగాడు. యువరాజు కూర్చున్నాడు. వయొలిన్లు అందుకున్నాయి. వెరోనికా తెల్లగౌనులో ముందుకొచ్చి నిలబడింది. ఆ మొదటి స్వరం దాకా విలియంకి గుర్తుంది. తాడు లాగాడు. వదిలాడు. చేతికి ఆ కదలిక అలవాటైపోయింది, బస్తా మూతికి దబ్బనం అలవాటైనట్టు. లాగడం, వదలడం. గౌను అంచు మీద చిన్న మట్టి మరక ఉంది. ఆమె ఒక్కసారైనా గుడ్డవైపు చూడలేదు. చూడవలసిన అవసరం కూడా కనబడలేదు. రెండో చరణం ముందు తనంతట తనే ఆగింది, నిండుగా పీల్చింది, ఎత్తుకుంది. ఆ తొందర పోయింది. తాడు లేకపోయినా పోయింది. సంతోషించవలసిన సంగతే అనుకున్నాడు విలియం. అనుకున్నాడే గానీ, సంతోషం ఎక్కడినుంచో రావలసినదల్లే దానికోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. తాడు లాగాడు. వదిలాడు. రేపటికి కొత్త మినుములు వస్తాయని యజమాని చెప్పాడు. సన్న సంచులు, కుట్టు దగ్గరగా వెయ్యాలి. లాగాడు. వదిలాడు.

భుజం మీద చెయ్యి పడింది. తల ఎత్తితే రాజమోహన్.

"పాటైపోనాది బాబాయ్. తాడొగ్గీ."

విలియం చుట్టూ చూశాడు. తెర దించేసి ఉంది. యువరాజు కిరీటం తీసి చంకలో పెట్టుకుని ఫోను చూసుకుంటున్నాడు. వయొలిన్లు పెట్టెల్లోకి పోతున్నాయి. వెరోనికా నిలబడ్డ చోట ఎవరూ లేరు. తెర అవతల జనం కుర్చీలు జరుపుకుంటూ లేస్తున్న చప్పుడు. ఎప్పుడు చప్పట్లు కొట్టారో, ఎంతసేపు కొట్టారో అతనికి తెలియలేదు.

తాడు వదిలాడు. అరచేతులు పంచెకి తుడుచుకున్నాడు. లేవడానికి గోడ పట్టుకుని, సగం లేచి ఆగాడు.

"ఎలాగ పాడినాది?" అని అడిగాడు.

రాజమోహన్ తాడు చుట్ట చుడుతూ, వేళాకోళమేమో అనుకుని అతని మొహంలోకి చూశాడు. కిళ్ళీ నమలడం ఆపాడు.

"నాకేటి తెలుస్తాది బాబాయ్. నువ్వే గదా దగ్గరుండి ఇన్నావు."